గేటుకు అడ్డంగా బండ్లు పెడుతున్నారు, రాళ్లు పెడితే మా మీదే పిటిషన్ ఇచ్చారు

ప్రశ్న: మాది నల్లగొండలో బొట్టుగూడ వైపు పాత గల్లీ. రోడ్డు 20 అడుగులుంటే గొప్ప. ఇల్లు కట్టి 30 ఏళ్లు దాటింది. మా ఆయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. ఆటోలు వేళకు దొరక్క పోయినేడు ఒక పాత కారు కొన్నాం. లోపల పెట్టే జాగా లేదు, మా గోడ పక్కనే పెడతాం. పక్కింటాయన మూడంతస్తులు లేపి కిరాయికి ఇచ్చాడు. కింద బండ్లు పెట్టుకోవడానికి వదిలిన జాగాకు షట్టర్లు వేసి సిమెంటు గోదాముకు ఇచ్చాడు. ఇక కిరాయిదార్ల బండ్లు, గోదాము ట్రాలీ ఆటో అన్నీ మా గోడ వెంటే. ఒక్కోసారి గేటుకు అడ్డంగానే పెడతారు. వాటికి తోడు మూలమీది దవాఖానకు వచ్చేవాళ్ల కార్లు. గల్లీ మొదట్లో ఎవరిదో పాత వ్యాను టైర్లు దిగిపోయి రెండేళ్లుగా కదలకుండా ఉంది. విసుగొచ్చి నాలుగు పెద్ద రాళ్లు, నో పార్కింగ్ బోర్డు పెట్టాం. మొన్న ట్రాలీ డ్రైవర్ రాళ్లను పక్కకు దొర్లించాడు, పెద్ద లొల్లి అయింది. తెల్లారేసరికి ట్రాలీ టైర్లలో గాలి లేదు. మా అబ్బాయే తీశాడని టూటౌన్ ఠాణాలో పిటిషన్ ఇచ్చారు. "రోడ్డు మీ అయ్య జాగీరా" అంటున్నారు. రోజూ ఊడ్చి, అలుకు చల్లి, ముగ్గేసేది నేనే. మా ఇంటి ముందు మాకు హక్కు లేదా? ఇప్పుడు ఏం చేయాలి?
– ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: ఎన్నేళ్లు ఊడ్చినా, అలుకు చల్లినా గోడ అవతలిది రోడ్డేనమ్మా. అది మున్సిపాలిటీ అధీనంలో ఉంటుంది, వాడుకునే హక్కు అందరిదీ. మీ రిజిస్ట్రీ కాగితం తీసి హద్దులు చూడండి. ఒక దిక్కున రోడ్డు అని రాసి ఉంటుంది. మీ సొత్తు అక్కడికే. 30 ఏళ్ల లెక్క మీకెవరో చెప్పి ఉంటారనుకుంటాను. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో, ఎవరైనా రోడ్డు జాగాను ఆక్రమిస్తే దాన్ని తిరిగి తీసుకోవడానికి మున్సిపాలిటీ దావా వేసే గడువు 30 ఏళ్లు. అది పట్టుకుని "ముప్పై ఏళ్లు దాటితే మనదే" అని కోర్టు బయట చెట్టు కింద సలహాలిచ్చేవాళ్లున్నారు. జనం నడిచే రోడ్డు మీద కారు నిలపడం, వాకిలి ఊడ్వడం స్వాధీనం కింద లెక్కకు రావు. ఆ వాదనతో కోర్టుకెళ్తే మిగిలేది ఖర్చే.

గేటు సంగతి వేరు. రోడ్డును ఆనుకుని ఇల్లున్నవాళ్లకు తమ ఇంట్లోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి ఇంట్లోకి రాకపోకల హక్కు ఉంటుంది. రోడ్డున పోయే ప్రతి మనిషికీ ఉండే హక్కుకు ఇది అదనం. ఇంటి యజమానిగా మీకు సొంతంగా వచ్చింది. దానికి ఎవరు అడ్డుపడినా అడగవచ్చు, కోర్టుకూ వెళ్లవచ్చు.

మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి. గోడ వెంట పెడుతున్నారన్నది ఫిర్యాదుగా నిలవదు. ఎందుకంటే మీరూ మీ కారును అదే రోడ్డు మీద, అదే గోడ వెంట పెడుతున్నారు. ఆ జాగా ఖాళీగా ఉన్నప్పుడు ముందొచ్చిన కిరాయిదారు బండి పెట్టుకుంటే మీరు కాదనలేరు. మీ కేసల్లా గేటుకు అడ్డంగా పెడుతున్నారన్నదే. ఠాణాలోనైనా, కమిషనర్ దగ్గరైనా ఆ ఒక్క మాట మీదే నిలబడండి. గోడ సంగతి ఎత్తగానే "రోడ్డు మీదా?" అనే ప్రశ్న వస్తుంది, దానికి మీ దగ్గర జవాబు లేదు.

గేటు విషయంలో చట్టం మీ వైపు గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షన్ ప్రకారం ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసర ఇబ్బంది కలిగేలా బహిరంగ స్థలంలో బండి నిలపకూడదు. ఇళ్లలోకి, ఆవరణల్లోకి వెళ్లే దారికి అడ్డంగా బండి ఆపకూడదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. రాకపోకలకు అడ్డమైతే 201వ సెక్షన్ కింద జరిమానా. ఉన్నచోటు వల్ల ట్రాఫిక్‌కు ప్రమాదంగా మారిన బండిని, పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండిని 127వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు, ఆ ఖర్చు బండి ఓనరుదే. గల్లీ మొదట్లో పడి ఉన్న వ్యాను కూడా ఇదే సెక్షన్ కిందికి వస్తుంది. బహిరంగ స్థలంలో 10 గంటలు, ఆపైన దిక్కులేకుండా వదిలేసిన బండిని తీయించే అధికారం పోలీసులకుంది. ఈ వ్యాను రెండేళ్లు దాటించింది. అది పోతే గల్లీలో ఒక కారు జాగా ఖాళీ అవుతుంది. నిజం చెప్పాలంటే మీ లొల్లిలో సగం దానితోనే తగ్గవచ్చు. దాని నంబరు, ఫొటో జతచేసి ట్రాఫిక్ పోలీసులకు ఒక అర్జీ, మున్సిపల్ కమిషనర్‌కు ఒక అర్జీ ఇవ్వండి. గల్లీవాళ్లు నలుగురు సంతకాలు పెడితే మరీ మంచిది. ఈ ఒక్క పనికి పక్కింటాయన కూడా సంతకం పెడతాడు, అడిగి చూడండి.

ఇక మీరు పంపిన ఫొటో. ట్రాలీ వెనక డాలా మీ గేటుకు జానెడు దూరంలో ఉంది, గేటు రెక్క సగమే తెరుచుకుంది. ఆ సందులోంచి మనిషి పక్కకు తిరిగి రావాలి, వీల్‌చెయిర్ అయితే రాదు. అడ్డంకికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. కానీ అదే ఫొటోలో ఎదుటి లాయరు చూసేవి ఇంకో రెండున్నాయి. మీ గేటు రెక్కలు రోడ్డు మీదికి తెరుచుకుంటున్నాయి. తలుపులు వీధి మీదికి తెరుచుకోకూడదన్నది పాత మున్సిపల్ చట్టాల్లోనే ఉన్న నిబంధన. రెండోది, మోరీ మీంచి పోసిన సిమెంటు ర్యాంపు రోడ్డులోకి బాగా ముందుకొచ్చింది. పక్కింటి మీద మీరు ఫిర్యాదు చేస్తే టౌన్ ప్లానింగ్ వాళ్లు టేపు పట్టుకుని వస్తారు, మీ ర్యాంపు వదిలేసి వాళ్ల షట్టరు ఒక్కటే కొలవరు. అందుకే ముందు వెల్డింగ్ అతన్ని పిలిచి రెక్కలు లోపలికి తిరిగేలా మార్పించుకోండి, ర్యాంపును కొట్టించి హద్దులోకి తెచ్చుకోండి. లోపల జాగా లేకపోతే పక్కకు జరిగే గేటు పెట్టించండి. ఖర్చవుతుంది, తప్పదు.

రాళ్లు మాత్రం ఈ రోజే తీసేయండి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నట్టు రోడ్డును ఆపుకోవడం కుదరదు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 285వ సెక్షన్ ప్రకారం దారిలో అడ్డంకి పెడితే 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు, అది పెట్టింది ఇంటావిడైనా ట్రాలీ డ్రైవరైనా సెక్షన్ ఒకటే. రాత్రిపూట ఏ పిల్లగాడో బైకు మీద వచ్చి ఆ రాయి తగిలి పడ్డాడనుకోండి, తర్వాతి కథ జరిమానాతో ఆగదు. బోర్డు సంగతీ అంతే. ట్రాఫిక్ బోర్డులు పెట్టే అధికారం ప్రభుత్వానిది, అది అప్పగించిన అధికారులది. మీ గేటు మీద మీరు రాసుకుంటే అది మనవి అవుతుంది గాని ఆర్డరు కాదు. ఉంచుకోండి, నష్టం లేదు, రోడ్డు మీద స్తంభం పాతి మాత్రం పెట్టకండి.

టైర్ల గాలి గురించి మీరు ఒకే వాక్యం రాశారు. అబ్బాయి తీశాడా లేదా అన్నది నన్ను అడగలేదు, నేనూ అడగను, మీ లాయరుకు మాత్రం నిజం చెప్పండి. ఒకరి వస్తువు పనికిరాకుండా చేయడం భారతీయ న్యాయ సంహిత 324 కింద నేరం. మామూలుగా అయితే 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నష్టం 20,000 రూపాయలు దాటితే శిక్ష 2 ఏళ్ల దాకా పెరుగుతుంది. గాలి తీసినంత మాత్రాన అంత నష్టం రాదు. చిన్న నష్టం కేసు పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టే రకం కాదు, దర్యాప్తుకు మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. కాబట్టి ఠాణా నుంచి ఫోన్ వచ్చిందని టెన్షన్ పడకండి. అబ్బాయి వెళ్లి తన మాట చెప్పి రావాలి. వీలైతే లాయరును వెంట తీసుకెళ్లాలి. "సంతకం పెట్టి పో, అయిపోతది" అంటారు. చదవకుండా పెట్టవద్దు, అందులో గాలి తీసినట్టు ఒప్పుకోలు ఉందేమో చూసుకోవాలి. సాక్షులుగా మీ మాట అవసరమైతే, ఆడవాళ్లను ఠాణాకు రమ్మనకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. 60 దాటినవాళ్లకూ, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లకూ అదే రక్షణ ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ అని చెప్పండి.

వాళ్లు పిటిషన్ ఇచ్చారు కాబట్టి మీరూ ఒకటి ఇవ్వండి. ట్రాలీ గేటుకు అడ్డంగా ఉన్న తేదీలు, వేళలు, ఏ రోజు డయాలసిస్‌కు ఎంత ఆలస్యమైందో రాయండి. బండి తీయమని మీరు అడిగినా డ్రైవరు కావాలని తీయక, మీ ఆయనను బయటికి రానివ్వని సందర్భం ఉంటే ప్రత్యేకంగా రాయండి. దారి ఉన్న మనిషిని పోనివ్వకుండా ఆపడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం, దానికి పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. ఎవరూ అడగకుండా ఊరికే ఆగి ఉన్న బండికి ఆ సెక్షన్ అతకదు, లేనిపోని మాటలు కలపకండి. అడ్డం పెట్టిన ప్రతిసారీ 112కు ఫోన్ చేయండి, రికార్డు మిగులుతుంది. సీసీ కెమెరా ఉంటే ఆ క్లిప్పులు వెంటనే తీసి దాచండి, చాలా మిషన్లలో పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. కోర్టుకు ఇచ్చేటప్పుడు ఆ క్లిప్పు ఏ మిషన్‌లోంచి ఎలా తీశారో చెప్పే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. కెమెరా మీ గేటును చూడాలి, పక్కింటి దర్వాజను కాదు.

అసలు రోగం పక్కింటి షట్టర్లలో ఉంది. అనుమతి తీసుకున్నప్పుడు ప్లానులో పార్కింగ్ అని చూపించి, తర్వాత గోదాము చేసి ఉంటే అది బిల్డింగ్ రూల్స్ ఉల్లంఘన. మన దగ్గర 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం ఇంత కట్టడానికి ఇంత పార్కింగ్ అని వదలాలి, వదిలిందాన్ని వేరే పనికి వాడకూడదు. ఆ జాగా తిరిగి బండ్లకు ఇస్తే కిరాయిదార్లు మీ గోడ దాకా రానేరారు. వాళ్లకు కూడా ఎండలో బండి పెట్టడం సరదా కాదు కదా. మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రశీదు ముద్ర వేయించుకోండి. మంజూరైన ప్లానులో కింది అంతస్తు దేనికి చూపారో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. అప్పటికీ ఫైలు కదలకపోతే హైకోర్టులో రిట్ వేసి, ఫిర్యాదు మీద నిర్ణయం తీసుకోమని ఆదేశం తెచ్చుకోవచ్చు. దవాఖాన సంగతి కూడా ఇదే దారి. దాని బిల్డింగ్‌కూ పార్కింగ్ లెక్క ఉంటుంది. రోగిని దించడానికి వచ్చిన కారుతో మాత్రం గొడవ పెట్టుకోకండి. ఆ కారులో వచ్చినవాళ్లదీ మీలాంటి గోసే.

సివిల్ దావా వేయవచ్చా అని మీరు అడగకపోయినా చెబుతాను. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో గేటుకు అడ్డం పెట్టవద్దని ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగవచ్చు. డయాలసిస్ కాగితాలు, ఫొటోలు ఉంటే తాత్కాలిక ఉత్తర్వు రావడానికి అవకాశాలు బాగానే ఉంటాయి. కానీ ఆ ఉత్తర్వు మీరు దావాలో చూపిన మనుషుల మీదే పనిచేస్తుంది. వచ్చే నెల కొత్త కిరాయిదారు వస్తే అతనికి మళ్లీ చెప్పుకోవాలి. అందుకే ఇంటి ఓనరును, గోదాము ఓనరును ఇద్దరినీ చేర్చకుండా దావా వేయకండి. డ్రైవరు ఒక్కడి మీద వేసి గెలిచినా లాభం లేదు. గోడ పక్కన మీ కారుకు జాగా ఖాయం చేయమని మాత్రం ఏ కోర్టూ ఇవ్వదు, ఆ కోరిక దావాలో రాయించకండి.

దావాకన్నా ముందు నల్లగొండ కోర్టుల ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమంటాను. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ చేయిస్తారు. కోర్టు ఫీజు ఉండదు. మహిళ కాబట్టి మీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును కూడా ఇస్తారు, 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. అక్కడ రాసుకున్న రాజీ సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వాడకట్టు పెద్దమనుషుల పంచాయితీలో మాట మీద జరిగిన రాజీకి ఆ బలం ఉండదు. అది మళ్లీ లొల్లి అయ్యేదాకే నిలుస్తుంది.

రాజీలో "ఇబ్బంది కలిగించము" లాంటి మెత్తని మాటలు రాయనివ్వకండి. గేటు వెడల్పు, దానికి రెండు పక్కలా రెండేసి అడుగులు ఏ వేళా ఖాళీగా ఉంచాలని రాయించండి. ట్రాలీ సరుకు ఎత్తి దించే వేళలు రాయించండి, అవి డయాలసిస్‌కు బయల్దేరే వేళ కాకుండా చూసుకోండి. బండి తీయడానికి ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు, టైర్ల పిటిషన్ వాళ్లు వెనక్కి తీసుకుంటామన్న మాట కూడా అందులోనే ఉండాలి. హద్దు ఎక్కడిదాకో డ్రైవరుకు కనిపించేలా రెండు పక్కలా ఎర్ర రంగు గీత వేయించండి. ఆ గీత మీ గోడ మీద వేయించండి, రోడ్డు మీద కాదు.