యాస అంటే సిగ్గు ఎక్కడ పుట్టింది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎప్పుడు చూసినా బీటీఎస్ అనే కొరియా బృందం పాటలే వింటుంది. యూట్యూబ్ చూసి కొరియా లిపి కూడా నేర్చుకుంది. మొన్న స్నేహితురాళ్లు వచ్చినప్పుడు మా అత్తగారు "ఏటే గుంటా, కూడు తిన్నావా" (ఏమే అమ్మాయీ, అన్నం తిన్నావా) అని అడిగితే తలుపు మూసేసింది. ఈ విదేశీ పాటలు పిల్లను మాకు కాకుండా చేస్తున్నాయా? – ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీరు రెండు సంగతులను ఒకే మూటలో కట్టారు. పాటల మీది ఇష్టం కొరియా నుంచి వచ్చిందే కాని, ఆ తలుపు మూయించిన సిగ్గు మన దగ్గర తయారైన సరుకు. మన సినిమాలు, టీవీ కార్యక్రమాలు మీ యాసను ఏళ్ల తరబడి పనిమనిషికో, అమాయకుడికో, నవ్వించే పాత్రకో అంటగడుతూ వచ్చాయి. నాయికా నాయకుల నోట అది వినిపించడం ఇటీవలి ముచ్చట.

2013లో రంగప్రవేశం చేసిన ఆ బృందంలోని ఏడుగురిలో బుసాన్, డేగు, గ్వాంగ్జు నగరాల నుంచి రాజధాని సోల్‌కు వచ్చినవారు ఉన్నారు. తొలినాళ్లలోనే వారు గ్యోంగ్‌సాంగ్, జొల్లా ప్రాంతాల యాసలు ఒకదానితో ఒకటి పోటీపడేలా ఒక ర్యాప్ పాట పాడారు. దాన్ని మీ అమ్మాయినే అడిగి వినండి. ఆమె నేర్చుకున్న లిపి కూడా, చైనా అక్షరాలు కొరుకుడుపడని సామాన్యుల కోసం సెజోంగ్ రాజు 1446లో ప్రకటించినదే. జనం మాటకు రాతలో చోటు దక్కాలన్న పట్టుదల మీకు పొరుగునే, విజయనగరంలో, గురజాడకూ ఉండేది.

పరాయి వస్తువు ఇంట్లోకి వస్తే సొంతది పోతుందన్న భయానికి ఫిడేలు మంచి జవాబు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు బోధించినది ఐరోపా వాయిద్యమే; మనవాళ్లు నేల మీద కూర్చుని, దాని కొనను పాదానికి ఆనించి, గమకాలు పలికించారు. (అర్ధరాత్రి దాకా ఫోను చూడటం మాత్రం వేరే సమస్య, అందులో మీరు కచ్చితంగా ఉండవచ్చు.)

అత్తగారి మాటలను కొరియా లిపిలో రాయగలవా అని అమ్మాయిని అడిగి చూడండి. "గుంట" దగ్గరే ఇద్దరూ కాసేపు నవ్వుకుంటారు. కళాశాల నుంచి ఫోను వచ్చినప్పుడు మీరు మీ యాసలోనే మాట్లాడుతున్నారా, గొంతు మార్చుకుంటున్నారా అన్నది కూడా ఒకసారి గమనించండి. పక్క గదిలో ఉన్న అమ్మాయికి అది వినబడుతూనే ఉంటుంది.