ఒంగోలు పిన్ కోడ్‌ని కూడా భాగించి చూడు

చిరంజీవికి,

మా నెల్లూరు పిన్ కోడ్ 524001 మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను నాయనా. లెక్కల్లో తప్పు లేదు. కానీ బేసి సంఖ్య, వర్గసంఖ్య కాదు, అంకెల మొత్తం 12, తిప్పి రాస్తే 100425, భాజకాలు 16, వాటి మొత్తం 7,63,200 అంటూ రేషన్ కార్డు వివరాల్లా వరసపెట్టి పోయావు. లెక్కలంటే పడిచచ్చే నాకే మూడో పేజీకి ఆవలింతలొచ్చాయి.

ఇవన్నీ ఒక్క కోవకి చెందినవి కావు. అంకెల మొత్తం 12 రావడం మనం రాసే పద్ధతిని బట్టి వచ్చింది. కంప్యూటర్‌కి రాసినట్టు సున్నాలు, ఒకట్లతో రాస్తే ఆ మొత్తం 14 అవుతుంది. తిప్పి చదవడమూ అంతే. 524001 = 3 × 19 × 29 × 317 అన్నది మాత్రం ఎలా రాసినా మారదు. ఇంకో రకంగా ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడం ఎవరి తరమూ కాదు. నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు!

అక్కడ ఆగు. పాఠకుడి చేత భాగహారం చేయించు. 524001 వర్గమూలం 723 దాటుతుంది కాబట్టి, అక్కడిదాకా ప్రధాన సంఖ్యలన్నీ చూడాలేమోనని ముందు కాస్త టెన్షన్ పడనీ. అంకెల మొత్తం 12 గనక 3 పోతుంది (నీ పన్నెండు ఇక్కడ పనికొచ్చింది చూశావా), 174667 మిగులుతుంది. 7, 11, 13, 17 కుదరవు. 19తో భాగిస్తే శేషం లేకుండా 9193. ఇక దీని వర్గమూలం దాకా, అంటే 95 దాకా చూస్తే చాలు. 29 దగ్గర అది కూడా లొంగి 317 ఇస్తుంది. దానికి 17 దాకా చూస్తే సరి, ప్రధాన సంఖ్యే.

ఒంగోల్లో ఉంటూ మీ 523001ని ఎలా మర్చిపోయావు? చూపుకి ఒక్క అంకే తేడా. అది 31 దాకా దేనికీ లొంగదు. లొంగాక వచ్చే 16871 మీద 129 దాకా తంటాలు పడ్డా ఫలితం ఉండదు. అదీ ప్రధాన సంఖ్యే. పైగా ఈ రెండు ఊళ్ల సంఖ్యలకీ ఉమ్మడి ప్రధాన కారణాంకం ఒక్కటి కూడా లేదు. ఉంటే తేడా అయిన 1000ని కూడా అది భాగించాలి, అంటే 2 గానీ 5 గానీ రావాలి. రెండూ 1తో ముగుస్తాయి కాబట్టి ఆ రెండూ కుదరవు.

గుణించడం తేలికే, విడగొట్టడమే కష్టం. 1977లో సవాలుగా ఇచ్చిన 129 అంకెల సంఖ్య 1994లో గానీ విడిపోలేదు. ఈ ముక్క ఒంగోలు లెక్క తర్వాత పెట్టు, అప్పటికి పాఠకుడికి చెయ్యి నొప్పెట్టి ఉంటుంది.

రామానుజన్ 1729 తీసెయ్. లెక్కల వ్యాసం చదివే తెలుగువాడికి అది కొత్త కాదు.

కావలి 524201ని వంద లోపు ప్రధాన సంఖ్యలేవీ భాగించవు. మిగతాది నువ్వు చూసి, ఆ కాగితాన్ని కొట్టివేతలతో సహా పంపు.

ఆశీస్సులతో