పొలం డేటా ఎవరిది? లాయర్లకు పని అక్కడే

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో ఉన్నాను. తర్వాత లా చదవాలని ఉంది. డిజిటల్ వ్యవసాయ చట్టాల్లో కెరీర్ ఉంటుందా? 'వ్యవసాయం చదివి కోర్టుల చుట్టూ తిరుగుతావా' అంటున్నారు ఇంట్లో.

జవాబు: ఉంటుంది. కోర్టు మెట్లెక్కే పని మాత్రం తక్కువేనని ఇంట్లో చెప్పండి. ఒప్పందాలు రాయడం, వాటిలోని మెలికలు పట్టుకోవడమే ఎక్కువ.

హార్వెస్టర్ సంగతే తీసుకోండి. కోత కోస్తూనే చేలో ఏ మూల ఎంత దిగుబడి వచ్చిందో మ్యాపు గీసి, కంపెనీ సర్వరుకు పంపేస్తుంది. ఆ మ్యాపు విత్తన కంపెనీకి కావాలి, బీమా సంస్థకు కావాలి, ఆ భూమి కొనాలని చూసేవాళ్లకూ కావాలి. మరి దాని మీద హక్కు రైతుదా, యంత్రం తయారీదారుదా? సాగు చేసింది కౌలు రైతైతే? వ్యక్తిగత డేటా చట్టాలు ఇక్కడ కొంతవరకే ఆదుకుంటాయి. నేలలో తేమ శాతం ఒక్కటే చూస్తే వ్యక్తిగత సమాచారం కాదు. ఫలానా రైతు పేరుతో ముడిపడితే కావచ్చు. మిగతాదంతా యాప్‌లో 'అంగీకరిస్తున్నాను' నొక్కిన షరతులే తేలుస్తాయి. 'సేవల మెరుగుదల కోసం అనుబంధ సంస్థలతో పంచుకుంటాం' అన్న ఒక్క ముక్కలో డేటా ఎంత దూరం పోగలదో పసిగట్టారా, సగం పని వచ్చినట్టే.

ఐరోపాలో 2018లో రైతు సంఘాలు, యంత్రాల తయారీదారులు కూర్చుని డేటా పంపకంపై నియమావళి రాసుకున్నారు. అది స్వచ్ఛందం, అంటే కోరల్లేనిది. 2025 సెప్టెంబరు 12 నుంచి అక్కడ వర్తిస్తున్న డేటా యాక్ట్ అలా కాదు: నెట్‌కు అనుసంధానమైన యంత్రం పుట్టించిన డేటాను వాడకందారు అడిగితే ఇవ్వాల్సిందే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం మరమ్మతు హక్కుపై, అంటే కొన్న యంత్రాన్ని కంపెనీ మీదే ఆధారపడకుండా రైతు బాగు చేసుకునే హక్కుపై, 2023లో చేసిన చట్టం కూడా చదవండి.

ఇక డ్రోన్. ఎగరడానికి విమానయాన నిబంధనలు, మందు చల్లడానికి పురుగుమందుల నిబంధనలు. గాలికి మందు పక్క చేలో పడి పైరు మాడితే పరిహారం ఎవరివ్వాలి, ఆపరేటరా, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లా? గాలి వేగం, తుంపర సైజు ఏం చేస్తాయో తెలియని లాయరు సాక్షిని ఏమడగాలో తోచక నీళ్లు నములుతాడు. మీ బీఎస్సీ అక్కరకొచ్చేది అక్కడే.

'వ్యవసాయ డేటా లాయరు' అని వెతికితే ఉద్యోగాలు పెద్దగా కనబడవు. అగ్రిటెక్, బీమా, యంత్రాల కంపెనీల్లో కంప్లయన్స్ (నిబంధనలు పాటించేలా చూడటం), ప్రైవసీ, పాలసీ పేర్లతో వెతకండి. ఈలోగా ఏవైనా రెండు వ్యవసాయ యాప్‌ల షరతులు పూర్తిగా చదివి, తేడాలేమిటో ఒక పేజీలో రాయండి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు ఆ పేజీనే జత చేయండి.