చీఫ్‌టెయిన్స్ రికార్డులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఐరిష్ సంగీతం వినాలని చీఫ్‌టెయిన్స్ బృందం పేరు వెతికితే నలభైకి పైగా ఆల్బమ్‌లు కనిపించాయి. పేరున్న పాప్ గాయకులతో చేసినదొకటి విన్నాను. బాగుంది గానీ, వాద్యాలు ఎక్కడో వెనకాల ఉండిపోయాయి. దేనితో మొదలుపెట్టాలి? (రాజమండ్రి)

మీరు విన్నది బహుశా 1995లో వచ్చిన 'ద లాంగ్ బ్లాక్ వెయిల్' అయి ఉంటుంది. స్టింగ్, మిక్ జాగర్, వాన్ మారిసన్ వంటి వాళ్లు పాడిన రికార్డు అది. మంచిదే, కానీ దానితో మొదలుపెట్టకండి. ఈ బృందం అసలు స్వరూపం అంకెలే పేర్లుగా ఉన్న పాత రికార్డుల్లో ఉంది.

ప్యాడీ మలోనీ 1962లో డబ్లిన్‌లో ఈ బృందాన్ని కట్టారు. క్లాడా కంపెనీ మొదటి రికార్డును 1964లో, రెండోదాన్ని 1969లో, మూడోదాన్ని 1971లో, నాలుగోదాన్ని 1973లో విడుదల చేసింది. మొదట్లో అంత ఎడం ఎందుకంటే వాళ్లందరికీ వేరే ఉద్యోగాలుండేవి. సంగీతమే వృత్తిగా తీసుకున్నది 1975లో.

మా సలహా: ముందు నాలుగోది వినండి. ఆ తర్వాత వెనక్కి వెళ్లి మొదటిది, అక్కణ్ణుంచి ముందుకు. నాలుగులోనే డెరిక్ బెల్ హార్ప్ తొలిసారి వీళ్ల మధ్య వినిపిస్తుంది. అందులో 'డ్రౌజీ మ్యాగీ' అనే రీల్‌ను (వేగంగా సాగే నాట్య బాణీ) పల్లవిలా పట్టుకుని, మధ్యమధ్య ఒక్కొక్కరూ తమ వాద్యంతో వేరే బాణీ అందుకుంటారు. అంతకుముందు ఈ సంగీతాన్ని ఒకరు ఒంటరిగా వాయించేవారు, లేదంటే నాట్యానికి వాయించే బృందమంతా మొదటి నుంచి చివరిదాకా ఒకే బాణీని కలిసి వాయించేది. ఒక వాద్యం తప్పుకుని ఇంకోదానికి చోటివ్వడం, కింద వేరే స్వరాలు నడపడం స్వరకర్త షాన్ ఓ రియాడా 1960ల మొదట్లో తన బృందంతో చేసి చూపించారు. మలోనీ ఆ బృందంలో పైప్స్ (గాలిసంచితో పలికే వాద్యం) వాయించేవారు. 'మ్నా నా హేరన్' కూడా నాలుగులోనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు ఐరిష్ కవితకు ఓ రియాడా కట్టిన బాణీ అది. 1975లో వచ్చిన 'బ్యారీ లిండన్' సినిమాతో అది ఐర్లండ్ దాటింది.

తర్వాతి పెద్ద మలుపు 1979లో. విజిల్ వాయించే షాన్ పాట్స్, ఫ్లూట్ వాయించే మైకేల్ టబ్రిడీ తప్పుకున్నారు, ఫ్లూట్‌కు మ్యాట్ మలోయ్ వచ్చారు. ఆ ఏడాది వచ్చిన 'బాయిల్ ద బ్రెక్‌ఫస్ట్ ఎర్లీ'ని మొదటి రికార్డు పక్కన పెట్టి ఫ్లూట్ ఒక్కటే గమనించండి. ఊపిరి పట్టూ, గమకాల దట్టమూ మారిపోయాయని మీకే తెలుస్తుంది. అతిథులతో చేసినవాటిలో వాన్ మారిసన్‌తో 'ఐరిష్ హార్ట్‌బీట్' (1988), స్పెయిన్‌లోని గలీసియా సంగీతంతో 'సాంటియాగో' (1996) మాకు ఎక్కువ ఇష్టం. వాటిలో వచ్చినవాళ్ల వెనక బృందం దాక్కోదు.

ప్రశ్న: ఒక్క ట్రాక్‌కే రెండు మూడు పేర్లు కలిపి రాస్తారు. ఒక బాణీ ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో పట్టుకోవడం ఎలా? (హైదరాబాద్)

లెక్కపెట్టడమే దారి. జిగ్, రీల్, స్లిప్ జిగ్ అనేవి నాట్య బాణీల రకాలు, బార్ అంటే మన ఆవర్తం లాంటి కొలత. జిగ్ అయితే ఒక్కో బార్‌కు 'తకిట తకిట'. రీల్ అయితే 'తకదిమి తకదిమి'. స్లిప్ జిగ్‌లో తకిట మూడుసార్లు వస్తుంది. జిగ్‌కైనా రీల్‌కైనా బార్‌కు రెండు దెబ్బలు. మామూలు బాణీలో రెండు భాగాలుంటాయి. ఒక్కోటి 8 బార్లు, ఒక్కోదాన్ని రెండుసార్లు వాయిస్తారు. మొత్తం 32 బార్లు, అంటే కాలితో 64 దెబ్బలు. నిమిషానికి 110 దెబ్బల వేగంతో వెళ్లే రీల్ ఒక చుట్టు తిరగడానికి 35 సెకన్లు పడుతుంది. సాధారణంగా రెండు లేదా మూడు చుట్లు తిప్పి మరో బాణీలోకి దూకుతారు. కాబట్టి నిమిషం పది సెకన్ల దగ్గర, లేదంటే నిమిషం నలభై అయిదు దగ్గర చెవి రిక్కించండి.

లెక్క తప్పేది రెండు చోట్ల. మొదటి దెబ్బకు ముందు ఒకటి రెండు స్వరాలు ఎత్తుగడగా వస్తాయి, వాటిని లెక్కలో కలపకూడదు. కొన్ని బాణీల్లో భాగాన్ని ఒక్కసారే వాయిస్తారు, కొన్నింటికి భాగాలే ఎక్కువ. నాలుగులో ఉన్న 'బక్స్ ఆఫ్ ఓరన్‌మోర్'కు అయిదు భాగాలు.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇంకో ఆనవాలు దొరుకుతుంది. పైప్స్ డ్రోన్లు (శ్రుతిలా ఆగకుండా మోగే గొట్టాలు) డి స్వరం మీదే ఉంటాయి, బాణీ మాత్రం జి లోకి మారుతుంది. అప్పుడు మధ్యమాన్నే షడ్జమం చేసుకున్నట్టు, మధ్యమ శ్రుతిలో పాడినట్టు వినిపిస్తుంది. అలా వినిపించిన చోట కొత్త బాణీ మొదలై ఉండవచ్చు. స్లో ఎయిర్ అనే నెమ్మది బాణీలకు మాత్రం ఈ లెక్కేదీ పనికిరాదు. వాటికి తాళం ఉండదు, ఆలాపన వింటున్నట్టు వినాలి.

ప్రశ్న: మలోనీ వాయించిన పైప్స్, స్కాట్లండ్ సైనికులవి ఒకటేనా? (విశాఖపట్నం)

కాదు. మలోనీవి ఇలన్ పైప్స్. వాటి సంచిలోకి గాలి నోటితో ఊదరు, మోచేతి కింది కొలిమితిత్తితో నింపుతారు. పొడిగాలి వెళ్లడం వల్ల రీడ్ (గాలికి కంపించే పలుచని నాలుక) తడవదు. స్వరాలు పలికే గొట్టం అడుగును తొడ మీద ఆనిస్తే శబ్దం ఆగిపోతుంది, అందుకే ముక్కలుగా తెంచి వాయించడం సాధ్యం. సంచి మీద ఒత్తిడి పెంచితే పై స్థాయి పలుకుతుంది. మూడు డ్రోన్లు కాక మూడు రెగ్యులేటర్లు ఉంటాయి. మణికట్టు అంచుతో వాటి మీటలు నొక్కితే మీరు రికార్డులో వినే ఆ గుంపు స్వరాలు మోగుతాయి.

ప్రశ్న: విదేశం నుంచి తెచ్చిన పాత ఎల్పీలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. జాగ్రత్తలు చెప్పండి. (గుంటూరు)

ముందు వేగం సరిచూడండి. టర్న్‌టేబుల్ ఒక శాతం ఎక్కువ తిరిగితే శ్రుతి సుమారు 17 సెంట్లు (సెంటంటే అర్ధస్వరంలో నూరో వంతు) పెరుగుతుంది, ఆరు శాతానికి పూర్తి అర్ధస్వరం. వేగం చూడడానికి టర్న్‌టేబుల్ మీద పెట్టే గీతల బిళ్ల స్ట్రోబ్ డిస్క్, వేగం సరిగ్గా ఉంటే దీపం కింద దాని గీతలు నిలిచినట్టు కనిపిస్తాయి. అందులో మన 50 హెర్ట్జ్ కరెంటుకు, నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి 180 గీతలుండాలి. అమెరికా డిస్క్‌లో 60 హెర్ట్జ్‌కు 216 ఉంటాయి, దానితో చూస్తే తప్పు వేగమే సరైనదిగా కనిపిస్తుంది. చాలా ఎల్ఈడీ బల్బుల కింద గీతలు నిలవవు, పాత ఫిలమెంట్ బల్బు వాడండి. రికార్డులోని డి స్వరాన్ని ట్యూనర్‌తో చూసి వేగం దిద్దకండి, పైప్స్ అన్నీ ఒకే శ్రుతివి కావు.

ముల్లు శుభ్రం చేసి, ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచి సరిదిద్దే పరికరం) ద్వారానే తీసుకోండి. అది లేకపోతే శబ్దం నీరసంగా, మంద్రం లేకుండా వస్తుంది. రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. అతి పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి.

ఈ సంగీతం ఎక్కువగా పాడయ్యేది ఆ తర్వాతే. చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా పెడితే బౌరాన్ అనే మేక తోలు డప్పు మీద పుల్ల తగిలే చప్పుడును, పైప్స్ తెంపులను కూడా గీతలే అనుకుని కోసేస్తుంది. బుసను పూర్తిగా తుడిచేస్తే ఫ్లూట్‌లోని ఊపిరి పోతుంది. తీసేసిన శబ్దాన్ని విడిగా వినే వీలు చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది. అందులో లయ వినిపించిందంటే మీరు సంగీతాన్ని కోస్తున్నట్టే, వెంటనే తగ్గించండి. కలిపి వాయించిన బాణీలను వేర్వేరు ఫైళ్లుగా విడదీయకండి. పేర్లు రాసేటప్పుడు ఐరిష్, ఇంగ్లీషు పేర్లు రెండూ పెట్టండి. ఒకే బాణీ రెండు రికార్డుల మీద రెండు పేర్లతో ఉండడం ఈ సంగీతంలో మామూలు.