అమ్మకున్న ఒళ్లు నొప్పులు నాకూ వచ్చాయా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 36, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఎనిమిది నెలలుగా మెడ, రెండు భుజాలు, నడుము, పిక్కలు ఒకటే గుంజుడు. రాత్రంతా పడుకున్నా పొద్దున పానం తేలిగ్గా ఉండదు. అమ్మకు నాలుగేళ్ల కింద ఫైబ్రోమయాల్జియా అని చెప్పారు. నాకు కీళ్లవాతం కోసం చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష చేస్తే ఏమీ లేదన్నారు. దగ్గర్లోని ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే. జుట్టు రాలుతోందని బయోటిన్ గోలీలు వాడుతున్నాను. ఇది వంశపారంపర్యమా? జన్యు పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: ఫైబ్రోమయాల్జియా అంటే ఒళ్లంతా నొప్పులు, అలసట, తీరని నిద్ర నెలల తరబడి ఉండే జబ్బు. ఇది కుటుంబాల్లో కనిపించే జబ్బే. తల్లికి గానీ తోబుట్టువులకు గానీ ఉంటే మిగతావాళ్ల కన్నా మీకు వచ్చే అవకాశం పలు రెట్లు ఎక్కువ. అలాగని ఫలానా జన్యువు వల్ల వస్తుందని తేల్చి చెప్పేందుకు ఏదీ లేదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం కలిసి మెదడు, వెన్నుపాము నొప్పిని పట్టుకునే తీరును సున్నితం చేస్తాయి. దానికి నిద్రలేమి, జ్వరం, ఒత్తిడి తోడైతే జబ్బు బయటపడుతుంది. దీన్ని నిర్ధారించే జన్యు పరీక్ష లేదు కాబట్టి దానికి డబ్బు పెట్టకండి.

అయితే అమ్మ నుంచి వచ్చేవి ఇంకా ఉన్నాయి. థైరాయిడ్ తగ్గడం, కీళ్లవాతం కూడా కుటుంబాల్లో నడుస్తాయి. ఒకే వంటింటి తిండి, ఎండ తగలని ఒకే రకం రోజు గడిపే తల్లీకూతుళ్లకు ఐరన్, బి12, విటమిన్ డి కలిసే తగ్గవచ్చు. ఇవన్నీ అలసట, నొప్పులుగానే కనబడతాయి, వీటికి మందు ఉంది. అందుకే ముందు వీటిని చూడాలి.

రక్తకణాల పరీక్ష, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు), హెచ్‌బీఏ1సీ (షుగర్), క్రియాటినిన్ (కిడ్నీలు), కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకలు, కాలేయం), బి12, విటమిన్ డి చేయించండి. మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం కష్టమైతే కండరాలకు సంబంధించిన సీపీకే పరీక్ష కూడా కలపాలి. రక్తకణాలు, థైరాయిడ్, షుగర్ వంటివి ప్రభుత్వ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు. రక్తం ఇచ్చే ముందు కనీసం మూడు రోజులు బయోటిన్ మానేయండి. చాలా ల్యాబుల్లో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ తగ్గితే టీఎస్‌హెచ్ పెరగాలి కాబట్టి, నిజంగా థైరాయిడ్ తగ్గినా రిపోర్టు నార్మల్ అని రావచ్చు. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తక్కువ ఉండవచ్చు, ఆడవాళ్లలో ఇది తరచూ జరుగుతుంది. ఇక ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన కీళ్లవాతం లేదని కాదు, పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఉందనీ కాదు. వేళ్ల కీళ్లు ఉబ్బడం, పొద్దున గంటకు పైగా బిగుసుకుపోవడం ఉంటేనే ఆ పరీక్షకు విలువ. ఈ మధ్య చికున్‌గున్యా వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి, దాని నొప్పులు నెలల తరబడి ఉంటాయి.

విటమిన్ డి తక్కువని తేలితే 60,000 యూనిట్ల మాత్ర సాధారణంగా వారానికొకటి, ఎనిమిది వారాలు ఇస్తారు. రోజుకొకటి అనుకుని మింగేవాళ్లున్నారు. అలా చేస్తే కాల్షియం పెరిగిపోయి వాంతులు మొదలవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇక ఫైబ్రోమయాల్జియా లెక్క. నొప్పి మూడు నెలలు దాటాలి. రెండు చేతుల వైపు, రెండు కాళ్ల వైపు, నడిమి భాగం కలిపి ఐదింట్లో కనీసం నాలుగు చోట్ల ఉండాలి. తర్వాత గత వారం ఒంట్లోని 19 చోట్లలో ఎన్ని నొచ్చాయో లెక్కపెడతారు. అలసట, నిద్ర లేచాక తాజాదనం లేకపోవడం, మతిమరుపు-ఏకాగ్రత లోపం, ఈ మూడింటికీ 0 నుంచి 3 వరకు మార్కులు. గత ఆరు నెలల్లో తలనొప్పి, కింది కడుపు నొప్పి, దిగులు ఉంటే ఒక్కోదానికి ఒకటి. మొత్తం 12. నొప్పి చోట్లు 7 లేదా ఎక్కువైతే ఈ మార్కులు 5 చాలు. చోట్లు 4 నుంచి 6 అయితే 9 రావాలి. మీరు రాసినవి లెక్కపెడితే ఆరే: మెడ ఒకటి, భుజాలు రెండు, నడుము ఒకటి, పిక్కలు రెండు. కాబట్టి మీ మతిమరుపు, తలనొప్పి సంగతి తెలియకుండా అవుననీ కాదనీ చెప్పలేం. కాగితం మీద రాసుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీకి గానీ, రుమటాలజిస్టు (కీళ్లవాతం, ఒళ్లు నొప్పుల డాక్టరు) దగ్గరకు గానీ తీసుకెళ్లండి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. థైరాయిడ్ తక్కువని తేలినా ఫైబ్రోమయాల్జియా లేదని కాదు, రెండూ కలిసి ఉండవచ్చు.

సూది మాత్రం ఇవాళే ఆపండి. అందులో నొప్పి మందు డైక్లోఫెనాక్ గానీ డెక్సామెథసోన్ గానీ ఉండే అవకాశం ఎక్కువ. రెండోది స్టెరాయిడ్. ఫైబ్రోమయాల్జియాను తగ్గించదు, కానీ షుగర్ పెంచుతుంది, ఎముకలు గుల్లచేస్తుంది. ఆ మందు పేరు అడిగి రాయించుకోండి. స్టెరాయిడ్ సూదులు, మాత్రలు వారాల తరబడి తీసుకుని ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించాలి, హఠాత్తుగా మానితే బీపీ పడిపోవచ్చు.

ఫైబ్రోమయాల్జియా అనే తేలితే అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్న చికిత్స వ్యాయామం. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. బాగున్న రోజున ఇల్లంతా కడిగి, మరుసటి మూడు రోజులు మంచం పట్టడమే ఎక్కువమంది పడే ఇబ్బంది. బాగున్నా, బాగోకపోయినా అదే కొలత నడవాలి. నిద్ర కోసం డాక్టర్లు రాత్రి అమిట్రిప్టిలీన్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెడుతుంటారు.

ప్రశ్న: మా అత్తమ్మ జగిత్యాలలో ముప్పై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. రాత్రి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర లేస్తుంది. ఇదీ ఫైబ్రోమయాల్జియానా?

జవాబు: చిటికెనవేలికి తిమ్మిరి లేకపోతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం, అంటే కార్పల్ టన్నెల్, అయ్యే అవకాశం ఎక్కువ. మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ రాత్రిపూట ఆరు వారాలు కట్టించండి. షుగర్, థైరాయిడ్ చూపించండి. పగలు చాట ముందు నుంచి అరగంటకోసారి లేవాలి. బొటనవేలి కింది కండ పలచబడుతుంటే ఆలస్యం చేయకుండా నరాల పరీక్ష చేయించాలి, అప్పుడు చిన్న ఆపరేషన్ అవసరం పడవచ్చు.

ప్రశ్న: పరకాల నుంచి. ఫైబ్రోమయాల్జియాకు ప్రీగాబాలిన్ 75 వాడుతున్నాను. పాదాలు ఉబ్బుతున్నాయి, కళ్లు తిరుగుతున్నాయి. మానేయనా?

జవాబు: రెండూ ఈ మందుతో తరచూ వచ్చేవే, బరువు కూడా పెరుగుతుంది. ఒక్కసారిగా ఆపితే చెమటలు, నిద్రలేమి, ఆందోళన వస్తాయి. కనీసం వారం రోజుల మీద డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. అప్పటిదాకా బండి నడపకండి. మందుతో పాటు కల్లు, సారా అసలే వద్దు. కొన్ని చోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్ లాంటివి కలుపుతారు, ప్రీగాబాలిన్‌కు అవి తోడైతే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పాదాల వాపుతో పాటు ఆయాసం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.