నాయనకు వాకింగ్ వద్దు, డ్యూటీ వేయండి

మారతహళ్లి నుంచి ఒకమ్మాయి రాసింది. వాళ్ల నాయనకు 74 ఏళ్లు, సొంతూరు అనంతపురం, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మూడేళ్లుగా డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లమెల్లగా తగ్గిపోయే జబ్బు. ఇంట్లో చూసుకోలేక ఎనిమిది నెలల కిందట బెంగళూరులోనే ఒక కేర్ హోమ్‌లో చేర్చారు. నడుచుకుంటూ వెళ్లిన మనిషి ఇప్పుడు పొద్దస్తమానం టీవీ ముందు కుర్చీలోనే. అడిగితే "పడిపోతారు మేడమ్" అంటారట, వాకింగ్‌కి లేపబోతే ఆయన కొట్టబోతున్నారట. "నేనే ఆయన్ని కుర్చీకి కట్టేశానా?" అని అడిగింది.

లేదమ్మా. ఆ టెన్షన్ కాస్త పక్కన పెట్టి ఒక్క విషయం చూడండి, ఆయన్ని లేపేది ఎవరు, ఏ భాషలో? మన బెంగళూరు హోముల్లో చాలాచోట్ల ఆయాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు, హిందీలో మాట్లాడతారు. ఈ జబ్బు ముదిరేకొద్దీ చాలామందికి పెద్దయ్యాక నేర్చిన భాషలు ముందు జారిపోతాయి, చిన్నప్పటి మాటే మిగులుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి వెనకనుంచి వచ్చి అర్థంకాని మాటేదో అని రెక్క పట్టి లేపితే మీరైనా నేనైనా విదిలించుకుంటాం. దాన్ని ఫైల్లో 'అగ్రెసివ్' అని రాస్తారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే. "లే నాయనా", "పద పోదాం", "మెల్లగా", ఈ మూడు మాటలు వాళ్లకు చదవొచ్చే అక్షరాల్లో రాసి మంచం దగ్గర అంటించండి. ఎదురుగా వచ్చి, మొహం చూసి, ఒకే మాట చెప్పి, ఆయన కదిలేదాకా ఆగమనండి.

ఇక వ్యాయామం అనే మాటే ఆయన దగ్గర ఎత్తొద్దు. వాకింగ్ అని ఆయన జన్మలో బయల్దేరి ఉండరు, కానీ సర్వీసంతా కదిలే బస్సులో నిలబడే గడిపారు కదా. నిన్నటి సంగతి పోయినా చేతులూ కాళ్లూ నేర్చిన పని చాలాకాలం ఉంటుంది. పాత తోలు సంచి ఒకటి భుజాన వేసి, రంగు కాగితాలు టిక్కెట్లలా కత్తిరించి ఇచ్చి, నాలుగింటి టీకి ముందు హాల్లో అందరికీ టిక్కెట్లు కొట్టమనండి, పక్కన ఒక ఆయా నడుస్తుంది. నాలుగింటికే ఎందుకంటే, చీకటి పడేవేళకి చాలామందికి కంగారు మొదలవుతుంది, అప్పుడు ఏదీ సాగదు.

పడతారన్న భయం ఉత్తది కాదు. అయితే కూర్చోబెట్టేసినకొద్దీ తొడల్లో కండ కరిగి, ఎప్పుడో బాత్రూమ్‌కని ఒంటరిగా లేచినప్పుడు పడతారు. అందుకని మొదలుపెట్టేముందు డాక్టరుని అడగండి, మగతనిచ్చే మాత్ర ఏదైనా కొత్తగా వేశారా, నిలబడగానే బీపీ పడిపోతోందా, మోకాలు నొప్పా అని. నొప్పి ఉందని వీళ్లు చెప్పలేరు, కసురుకుంటారు. హవాయి చెప్పులు తీసేసి మడమ పట్టి ఉండే బూట్లు కొనండి. ఫిజియోథెరపిస్టు సరేనంటే, చేతులున్న కుర్చీలోంచి లేచి కూర్చోవడం భోజనానికి ముందు ఐదుసార్లు.

ఒకటి ముందే చెప్పేస్తా, దీనితో జ్ఞాపకం తిరిగొస్తుందని ఆశపడొద్దు. బ్రిటన్‌లో 494 మంది డిమెన్షియా ఉన్నవాళ్లతో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో గట్టి వ్యాయామం చేయించినా మతిమరుపు ముదరడం ఆగలేదు, ఒంట్లో సత్తువ మాత్రం పెరిగింది. మనకు కావలసింది ఆ సత్తువే, ఆయన తన కాళ్లతో తాను బాత్రూమ్‌కి వెళ్లిరావడానికి.

ఆయన హిందూపురం రూట్లో తిరిగేవారని రాశారు కదా. వరండా గోడకి స్టాపుల పేర్లు పెద్ద తెలుగు అక్షరాల్లో అంటించండి, గది తలుపు దగ్గర అనంతపురం, తర్వాత రాప్తాడు, పెనుకొండ, సోమందేపల్లి, భోజనాల హాలు హిందూపురం. మొదటి వారం రాప్తాడు దాకా వెళ్లొస్తే చాలు.