ఆయన గడియారం చూస్తే నాకెందుకు అన్నం సహించలేదు?

ప్రశ్న: నాన్నగారు పోయాక నిద్రపట్టక, ఎనిమిది నెలలుగా ఒక సైకోథెరపిస్టు దగ్గరికి వెళ్తున్నాను. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఈమధ్య గురువారం వచ్చిందంటే పొద్దున్నుంచే ఏ చీర కట్టుకోవాలా అని టెన్షన్. మొన్న నాన్న గురించి చెబుతుంటే ఆయన గడియారం వైపు చూశారు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నాకు భర్త, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పాత బంధాల్లోని భావాలు ఇలా థెరపిస్టు మీదికి మళ్లడాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారని చదివాను. అంటే ఇదంతా ఉత్తదేనా? వెళ్లడం మానేయనా?
- ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: మానేయకండమ్మా. కనీసం ఆ గడియారం సంగతి ఆయనతో చెప్పేదాకా మానేయకండి.

1900లో వియన్నాలో, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ దగ్గరికి వచ్చిన 18 ఏళ్ల అమ్మాయి ఒకరు ఇలాగే మధ్యలో మానేసింది. ఆయన తన రచనలో ఆమెకు డోరా అని పేరు పెట్టారు. తండ్రి స్నేహితుడు తనతో హద్దు మీరాడని చెబితే ఇంట్లో నమ్మలేదు. ఆ తండ్రే ఆమెను తెచ్చి ఫ్రాయిడ్‌కు అప్పగించాడు. ఇల్లు తగలబడుతున్నట్టు తనకు పదేపదే కల వస్తోందని, లేచాక పొగ వాసన తగులుతుందని ఆమె చెప్పింది. తండ్రి, ఆ స్నేహితుడు, ఎదురుగా ఉన్న ఫ్రాయిడ్, ముగ్గురూ పొగ తాగేవాళ్లే. అంటే ఆ వాసన ఆమె మనసులో ముగ్గురినీ కలిపేసింది. 11 వారాలకే, డిసెంబరు 31న, ఇదే ఆఖరిసారి అని చెప్పి వెళ్లిపోయింది. ఆ స్నేహితుడి మీద తీర్చుకోవాల్సిన కక్ష తన మీద తీర్చుకుందని, ఆ మళ్లింపును తాను సకాలంలో పట్టుకోలేకపోయానని 1905లో ఆ కేసు అచ్చువేసినప్పుడు ఫ్రాయిడే రాసుకున్నారు.

నా దృష్టిలో ఆయన తప్పు అదొక్కటే కాదు. ఆ స్నేహితుడి మీద నీకు లోలోపల ప్రేమ ఉందని ఆమె చేత ఒప్పించాలని పట్టుబట్టారు. అచేతనంలోని, అంటే మనకే తెలియకుండా లోపల దాగిన, కోరిక మనంతట మనకు తట్టాలి. ఇంకొకరు తెచ్చి మన నోట్లో పెడితే అది మళ్లీ దౌర్జన్యమే. మీ విషయంలో కూడా అందుకే, మీకు కావలసింది ఫలానా అని నేను తేల్చి చెప్పను.

ఉత్తదేనా అని అడిగారు. డాక్టరు మీద పుట్టే ఈ ప్రేమ గురించే 1915లో ఫ్రాయిడ్ ఒక వ్యాసం రాశారు. ఇది చిన్ననాటి బంధాల పాత అచ్చుల్లోంచే వస్తుంది, నిజమే. కానీ చిన్ననాటి అచ్చు లేని ప్రేమ ఎక్కడుంది? కాబట్టి దీన్ని అబద్ధమనలేం అన్నారాయన. డాక్టరుకు కూడా గట్టిగానే చెప్పారు: ఇదంతా నా అందచందాలు చూసి పుట్టిందనుకోవద్దు, ఆ ప్రేమకు లొంగొద్దు, అణిచేసుకొమ్మనీ చెప్పొద్దు అని.

నా సంగతి చెబుతాను. థెరపిస్టు శిక్షణలో భాగంగా నేను కూడా మీలాగే ఒక పెద్దావిడ దగ్గర రెండేళ్లు థెరపీకి కూర్చున్నాను. ఎప్పుడూ పది నిమిషాలు ముందే వెళ్లేదాన్ని. ఒకరోజు వానలో లక్డీకాపూల్ దగ్గర ఆటో ఆగిపోయి పావుగంట ఆలస్యమైంది. ఆవిడ ఒక్క మాటైనా అనకముందే ఏడ్చేశాను. నన్ను పెంచింది మా పెద్దమ్మ. బడి నుంచి ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే నిలబెట్టి తిట్టేది. ఆవిడ కూడా తిడుతుందని భయపడ్డానని చాలా రోజులు అనుకున్నాను. నెలలు గడిచాక నా నోటే వచ్చింది: పెద్దమ్మ తిట్టేది కానీ, గుమ్మంలో నిలబడేది నా కోసమే. ఆ ఎదురుచూపు మళ్లీ కావాలనిపించి ఏడ్చాను. ఆ మాట పైకి వచ్చిన రోజు ఎంత తేలికపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

మీ భర్తకు ద్రోహం చేస్తున్నానని కుమిలిపోకండి. మనసులో కోరిక పుట్టడం వేరు, దాని ప్రకారం నడుచుకోవడం వేరు. హద్దు కాపాడే బాధ్యత పూర్తిగా ఆయనదే. ఆయన దీన్ని అలుసుగా తీసుకుని బయట కలుద్దామన్నా, చేయి పట్టుకున్నా, ఆ రోజే మానేసి ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మంచి థెరపిస్టయితే మీ మాట విని కంగారుపడరు, మిమ్మల్ని చిన్నబుచ్చరు.

వచ్చే గురువారం చీర సంగతితో మొదలుపెట్టడం కష్టమైతే, "మొన్న నాన్న గురించి చెబుతుంటే మీరు గడియారం చూశారు" అని మొదలుపెట్టండి. తర్వాత ఏ మాట వస్తే ఆ మాట రానివ్వండి.